నన్ను ఎదురు రమ్మన్న పెద్దాయన

పోయిన వారం ఆ పెద్దాయన కోడలు మా ఇంటికి వచ్చి ఒక కర్రను గోడకు ఆనించింది. ఆయన్ను మట్టి చేసి అప్పటికింకా వారం కాలేదు.

"ఇది నీకియ్యమన్నాడు వదినా."

"నాకెందుకు?"

"యామో. ఇంట్లో ఉంటే కాళ్ళకు అడ్డం, పొయ్యిలో పెడ్తే పాపం. నీకియ్యమని మాత్రం శానాసార్లు చెప్పినాడు."

కాఫీ తాగమంటే తాగకుండా వెళ్ళిపోయింది. నేను ఆ కర్ర వైపు చూస్తూ కూర్చున్నాను. ఒకప్పుడది ఇంటి కప్పు దాటి పోయేంత వెదురు గడ. కొసన పంగ ఉంటుంది. పంగకు పాత సైకిలు ట్యూబు చుట్టి ఉంటుంది, ఆ ట్యూబు చుట్టింది నేనే. పంగా ట్యూబూ అట్లాగే ఉన్నాయి. గడను మాత్రం కింద నుంచి కోసేశాడు.

నా చదువు సంతకం దాకానే. నేను చెబుతుంటే మా వీధి టీచరమ్మ రాస్తోంది. నా మాటను పుస్తకం మాటగా దిద్దుకుంటే దిద్దుకో, ఆయన మాటల జోలికి మాత్రం పోవద్దని చెప్పాను.

ఆయనది ట్రాక్టరు, వెనక ట్రాలీ. మా దిక్కున ట్రాక్టరు ఉన్న ప్రతివాడూ గనుల నుంచి నాపరాయి తోలుతాడు. ఈయన రాయి ముట్టడు. తేరు చక్రాలు, వినాయకుడి బొమ్మలు, నీళ్ళ ట్యాంకులు, విప్పిన మగ్గాలు, ఒకసారి చర్చి గంట, ఇట్లాంటివే తోలేవాడు. ఎవరైనా రాయి తోలమని వస్తే ఒకటే మాట.

"రాయికి నేనెందుకప్పా? అది దానంతటదే కూర్చుంటాది. కూర్చోబెట్టాల్సింది ఏమన్నా ఉంటే చెప్పు, వస్తా."

సరుకు ఎక్కించి తాళ్ళు కట్టాక ట్రాలీ చుట్టూ తిరిగేవాడు. ప్రతి ముడినీ వేలి కణుపుతో తట్టి, చెవి దగ్గర పెట్టి వినేవాడు, సంతలో ఆడవాళ్ళు కుండ తట్టి చూసినట్టు. విన్న తర్వాత ఎక్కడో ఒకచోట ముడిని కొంచెం సడలించేవాడు. "బిగించేటోళ్ళు శానామంది ఉండారు. వదులు చేసేటోడే కరువు" అనేవాడు. అట్లా వదులు చేసిన నీళ్ళ ట్యాంకు ఒకసారి వేంపల్లె దోవలో జారి అరటితోటలోకి దొర్లింది. దిగి చూశాడు. నడుం మీద చేతులు పెట్టుకొని, "ఇది రవ్వంత ఎక్కువ వదులైంది" అన్నాడు. అంతే. తోట ఆయన తిడుతుంటే పక్కన నిలబడి, ఆ తిట్లు వేరేవాళ్ళవైనట్టు తల ఊపుతూ విన్నాడు.

సరుకు దిగేదాకా టీ తాగడు. ఎవరైనా గ్లాసు చేతికిస్తే, "బండి కడుపుతో ఉండాది, కాననీ" అనేవాడు.

ఆ గడ సంగతి చెప్పాలి. ఎత్తు సరుకు పల్లెల్లోంచి పోయేటప్పుడు వీధుల్లో కరెంటు వైర్లు, కేబుల్ వైర్లు తగులుతాయి. ఒక మనిషి బండికి ముందు నడుస్తూ, పంగతో వైరును ఎత్తి పట్టుకోవాలి. బండి దాటాక వదలాలి. ఆ పని మొదట మా ఆయన చేసేవాడు. మాది నేసే ఇల్లు. మగ్గం నిలిచిపోయాక ఆ పెద్దాయన దగ్గరికి పనికి పోయాడు. తర్వాత జ్వరం వచ్చి పోయాడు. ఆయన పోయిన ఏడాది తిరిగాక పెద్దాయన మా వాకిట్లోకి వచ్చి, కూర్చోకుండానే అడిగాడు.

"గడ పట్టుకునేటోడు లేడు. వస్తావా అమ్మీ?"

నేను నోరు తెరిచే లోపలే మా అత్త లేచింది.

"ముండమోసిందాన్ని బండికి ఎదురు నడిపిస్తావా? మీరు యేసయ్య మనుషులు, మీకు శకునం పట్టదు. మాకు పడ్తాది."

"ఎదురు రాకుంటే నాకేం పనికొస్తాదక్కా? ఈ యమ్మి వీపు చూసుకుంటా బండి తోలాల్నా? నా తిక్కు తిరిగి నడిస్తేనే కదా చేతులు కనపడేది."

అది నిజమే. ఆయన దగ్గర గడ పట్టేవాళ్ళు వెనక్కి వెనక్కి నడవాలి. ముఖం ఆయన వైపు ఉండాలి. ఒక చేతిలో గడ, ఇంకో చేత్తో సైగ. మా ఆయన్ను కూడా అట్లాగే నడిపించాడు. అంటే ఏ బండి కదలాలన్నా మొదట నేను దానికి ఎదురు రావాలి. సరుకు వాళ్ళు గొణిగితే, "శకునం బండిదప్పా, సరుకుది కాదు. బండి నాది" అనేవాడు.

నా మీద జాలితో పిలిచాడని ఊళ్ళో కొందరు చెప్పుకున్నారు. నాకు అట్లా అనిపించలేదు. జాలి ఉన్న మనిషి, నేను కాలికి రాయి తగిలి వెల్లకిలా పడితే, "గడ విరిగిందా?" అని అడగడు.

కొన్నేళ్ళకు ఆయన కొత్తగా ఒక మాట పట్టుకున్నాడు. "నడిమధ్యలో నడువు అమ్మీ. పక్కలకు పోవద్దు." ముందు ఎప్పుడూ అట్లా అనలేదు. తర్వాత ఒక రోజు మజ్జిగ పోసుకుంటూ గ్లాసు పక్కన పోశాడు. నేను చూశానని ఆయనకు తెలిసింది.

"ఎడం కన్ను అయిపోయింది" అన్నాడు. "కుడిది నడిమధ్యలో కనపడుతుండాది. అదే చాలు."

"ఆస్పత్రికి పోదాం చిన్నాయనా."

"పోయినా. ఇంక రాదన్నారు. మావోనికి తెలిస్తే తాళం లాక్కుంటాడు."

తండ్రికి చూపు తగ్గిందని ఆ కొడుక్కు అప్పటికే అనుమానం ఉంది. అందుకే రిజర్వాయరు నుంచి కబురు వచ్చిన రోజు నా ముందే చెప్పాడు: "ఇదొక్కటి తోలు నాయనా. దానికి ఏమన్నా తగిలిందా, తాళం నా చేతికియ్యాల. మల్లా మాట్లాడకూడదు."

"తగలకుంటే?"

"తగలకుంటే నీ ఇష్టం."

ఆ కబురు ఒక విమానం గురించి. రిజర్వాయరులో ఒక చిన్న విమానం దిగింది. దిగడం బాగానే దిగింది, లేవడానికి ఇంజను పలకలేదు. ఇద్దరు పట్టేంత విమానం. కడుపు చూస్తే పడవ, కడుపు పక్కల ముడుచుకునే చక్రాలు, ఇంజను వీపు మీద. నీళ్ళ మీదా దిగుతుంది, నేల మీదా దిగుతుందట. చేపలు పట్టేవాళ్ళు పుట్టీలకు కట్టి ఒడ్డు దాకా లాగారు. బెంగుళూరు నుంచి ఒక ఇంజనీరు వచ్చి రెక్కలు విప్పాడు. దాన్ని తీసుకుపోవాల్సిన పెద్ద లారీ డోన్ పోయే రోడ్డు మీద ఆగిపోయింది. అక్కడి నుంచి రిజర్వాయరుకు ఉండేది పల్లెల సందుల్లోంచి పోయే దోవ, లారీ పట్టదు. అక్కడి దాకా ఎవరైనా చేర్చాలి. చేపలవాళ్ళు ఈయన పేరు చెప్పారు.

ఇంజనీరు నెమ్మదస్తుడు. క్రేనుతో ఎత్తితే కడుపు పగులుతుందని, ట్రాలీని నీళ్ళలోకి దించి దాని మీదికి విమానాన్ని తేలించాలని ఆయనే చెప్పాడు. "అట్లా ఎప్పుడైనా చేశారా?" అని అడిగాడు.

"ప్రతి ఏడూ చేస్తాండా. వినాయకున్ని అట్లే కదా కాలవలోకి దించేది. ఇది తిరగేసి చేసేదే."

ట్రాలీ తలుపులు తీసేసి, గడ్డి సంచుల మీద ఇంజనీరు తెచ్చిన స్పాంజి దిమ్మలు పరిచి కట్టారు. అంతా అయ్యాక విమానం ఏ వైపు తిరిగి ఉండాలనే దగ్గర తగాదా వచ్చింది. తోక ట్రాక్టరు వైపు, ముక్కు వెనక్కి ఉండాలన్నాడు ఇంజనీరు.

"తోక ముందుకా?" పెద్దాయన నొసలు ముడిచాడు. "కాళ్ళు ముందరికి పెట్టి తీసుకపోయేది యాడికప్పా? వల్లకాటికి."

"తాతా, ముక్కు ముందుంటే గాలికి అది ఎగరాలని చూస్తుంది. గాలికి పుట్టింది కదా."

"నేను పోయినప్పుడు నన్ను ఎట్ల పెట్టినా పలకను. ఇది ఇంకా బతికే ఉండాది గదా."

చేపలవాళ్ళ ఆడవాళ్ళు ఒడ్డున నిలబడి చూస్తున్నారు. ఒకామె నా మెడ వైపు చూసి, "చాల్లే, తోక ముందుకంట, దానికి తోడు ఈమె ఎదురంట" అంది. అందరూ నవ్వారు. పెద్దాయన ఆ మాటనే పట్టుకున్నాడు.

"సరే. తోక ముందుకే పెట్టు. ఒక అపశకునమైతే మనల్ని పొడుస్తాది. రెండుంటే ఒకదాన్నొకటి పొడుచుకుంటా ఉంటాయి. మనం సందులోంచి పోదాం."

వెనక్కి తోలి ట్రాలీని నీళ్ళలోకి దించాడు. నేను నడుము లోతు నీళ్ళలో, ట్రాలీకి వెనక సరిగ్గా మధ్యలో నిలబడి చేతులు ఊపాను. చక్రాలు మునిగాయి. చేపలవాళ్ళు విమానాన్ని తోకవైపు నుంచి ట్రాలీ మీదికి తేలించారు. ఇంజనీరు గుండెలోతు నీళ్ళలో నిలబడి దాని కడుపు కింద చేయి పెట్టి తడుముతూ, "ఇంకా, ఇంకా, చాలు" అన్నాడు. ట్రాక్టరు ముందుకు కదిలింది. నీళ్ళు దిగిపోయే కొద్దీ విమానం స్పాంజి మీద కూర్చుంది. చప్పుడు కాలేదు. పెద్దాయన దిగి వచ్చి దాని పక్కన చేయి పెట్టి చూశాడు.

"ఇంతేనా? ఇది కూర్చోలే. ఊరక ఆనుకోనుండాది." ఆయనకు అది నచ్చలేదు. బరువు లేని సరుకు ఆయన ఎప్పుడూ తోలలేదు.

కడుపుకు ఇంజనీరు బెల్టులు కట్టాడు. తోక సన్నంగా ఉంది, బెల్టు కొక్కెం గీరుకుంటుందని అక్కడ మెత్తగా ఉండాలన్నాడు. పెద్దాయన నూలు తాళ్ళు తీశాడు. తాళ్ళ కింద, విప్పి పక్కన పెట్టిన రెక్కల చుట్టూ, నా పాత నూలు చీరలు చుట్టాము. తోక మీద నిలబడి ఉండే రెక్కకు దుమ్ము పడకుండా నా పెళ్ళినాటి ఎర్రచీర కప్పాను. కట్టుకునేది లేదు కాబట్టి ఇచ్చాను. పెద్దాయన ముడులన్నీ తట్టి విన్నాడు. ఇంజనీరు కూడా వచ్చి తట్టాడు. "బాగుంది తాతా" అన్నాడు. పెద్దాయన ఒక్క ముడిని కూడా సడలించకపోవడం నేను చూశాను. గాలికి పుట్టిందన్న మాట ఆయన మనసులో పడింది.

మొదటి పల్లె బాగానే దాటాము. రెండో పల్లెలో ముందు చూసినవాళ్ళు ఎవరో తెలియదు గాని, వాళ్ళు చూసింది ఇది: ఎత్తుగా ఎర్రచీర కప్పుకున్నది ఒకటి మెల్లగా వస్తోంది, ఒక ఆడది దాని వైపు ముఖం పెట్టి వెనక్కి వెనక్కి నడుస్తోంది, పక్కన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచిన మనిషి ఒకడు చేతులు కట్టుకొని నడుస్తున్నాడు. ఊరేగింపు కాక ఇంకేమనుకుంటారు. నిమిషంలో బిందెలు వచ్చాయి. మా దిక్కున దేవుడు వీధిలోకి వస్తే ముందు దోవ మీద బిందెలతో నీళ్ళు పోస్తారు, వార పోయడమంటారు. నా కాళ్ళ మీద పోశారు, చక్రాల మీద పోశారు. పసుపు నీళ్ళు తెచ్చినామె ఎగజిమ్మి తోక మీదనే పోసింది. ఆమె వెనక ఇంకొకామె. ఇంజనీరు "అమ్మా, వద్దమ్మా, ఇది దేవుడు కాదమ్మా" అంటున్నాడు. దేవుడి పక్కన నడిచే మనిషి అట్లా అంటే ఎవరు నమ్ముతారు.

నూలు తడిస్తే ఏమవుతుందో నేసే ఇంట్లో చెప్పనక్కర లేదు. తాడు కురచవుతుంది, బిగుసుకుంటుంది. తోక దగ్గర కిర్రుమని మొదలైంది. పెద్దాయనకూ వినబడిందని తల తిప్పిన తీరులో తెలిసింది. అయినా బండి నడుస్తూనే ఉంది, జనం మధ్యలో ఆపితే ఎక్కి కూర్చుంటారని ఆయన భయం.

అప్పుడు చూశాను. ఆయన ఎడమ పక్క ముందు చక్రం దగ్గర ఒక ముసలామె వంగి, నేల మీద పగిలిన టెంకాయ చిప్ప ఏరుకుంటోంది. ఆ పక్క చేయి పైకెత్తి ఆపమని ఊపాను. ఆయన నా ముఖం వైపే చూస్తున్నాడు. పక్కన ఊగే చేయి మాత్రం ఆయన కంటికి ఆనలేదు. ఇంకోసారి ఊపాను. బండి వస్తూనే ఉంది. నా గొంతు గురించి మీకు తెలియదు, పక్క ఊరికి వినపడుతుంది, కాని అప్పటికి డప్పు కూడా వచ్చింది, నా అరుపు అందులో కలిసిపోయింది. గడను రెండు చేతులతో అడ్డంగా పట్టుకొని, ఆయన చూపుకు సూటిగా, నడిమధ్యలో రోడ్డు మీద పడేశాను.

గడ ఎప్పుడూ నేల మీద పడకూడదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. బండి ఆగింది.

చక్రానికీ ముసలామె వీపుకూ మధ్య జానెడు కూడా లేదు. ఆమెకు ఏమీ తెలియదు. చిప్పను కొంగులో వేసుకొని, నడుము పట్టుకొని నిటారుగా లేచి, స్టీరింగు మీదున్న ఆయన్ను అడిగింది.

"ఏ దేవుడప్పా ఈయన?"

ఆయన గొంతు మామూలుగానే ఉంది. "నీళ్ళ మీద పోతాడు, నేల మీద పోతాడు, ఆకాశంలో పోతాడు. ఈ పొద్దు యాటిలోనూ పోలేక నా మీద పడినాడు."

ముసలామె దండం పెట్టుకొని పక్కకు జరిగింది. ఆయన మాత్రం అక్కడే కూర్చొని ఆమె వచ్చిన వైపు తల పూర్తిగా తిప్పి చూశాడు. నేల మీద మిగిలిన చిప్ప ముక్కలు చూశాడు. చక్రం చూశాడు.

దిగి వెనక్కి వచ్చి తోక దగ్గర తాళ్ళు తట్టాడు. బిగిసిన తీగలాగా మోగాయి.

"వదులు చెయ్యి అమ్మీ. నీకే తెలుస్తాది."

నేను విప్పాను. మగ్గం మీద పడుగు సరిచేసినట్టు ఒక్కో తాడూ సడలించి మళ్ళీ కట్టాను. ఇంజనీరు చీర కింద చేయి పెట్టి తోకంతా తడిమి, "ఏమీ కాలేదు" అని ఊపిరి వదిలాడు. మూడో పల్లెలో ఆయనే ముందు నడిచి, బిందెలతో వచ్చినవాళ్ళందరికీ చేతులు జోడించి, "దేవుడికి జలుబు చేసిందమ్మా" అని చెప్పుకుంటూ పోయాడు. ఆ మాట అందరికీ అర్థమైంది.

డోన్ రోడ్డుకు చేరేసరికి కొడుకు లారీ దగ్గర నిలబడి ఉన్నాడు. విమానాన్ని స్పాంజి దిమ్మలతో సహా జరిపి లారీలోకి మార్చారు. వాడు చీరలన్నీ విప్పించి, చుట్టూ తిరిగి, వంగి చూశాడు. గీత లేదు. గోరంత కూడా లేదు.

"ఏం నాయనా, గెలిచినావు" అన్నాడు. నిజంగానే సంతోషంగా అన్నాడు.

ఎవరో టీ గ్లాసు తెచ్చారు. సరుకు దిగింది కాబట్టి ఆయన తీసుకున్నాడు. ఒక గుక్క తాగి, ట్రాక్టరు దగ్గరికి పోయి, తాళం లాగి, కొడుక్కి ఇవ్వకుండా నా చేతిలో పెట్టాడు.

"వానికియ్యి."

"ఏమీ తగల్లేదు కదా నాయనా" అన్నాడు కొడుకు.

"దానికి తగల్లేదు" అన్నాడు ఆయన. మళ్ళీ టీ తాగాడు.

తర్వాత ఆయన స్టీరింగు మీద కూర్చోలేదు. ముసలామె సంగతి నేను కొడుక్కి చెప్పలేదు, ఆయనా చెప్పలేదనుకుంటాను. కొంతకాలం కొడుకు బండికి కూడా నేనే ఎదురు నడిచాను. తర్వాత వాడు రాయి తోలడం మొదలుపెట్టాడు. రాయికి గడ అక్కర లేదు. గడను ఆయన ఇంట్లో పెట్టుకున్నాడు. కుడి కన్ను కూడా పోయాక రంపంతో దాన్ని కోసి చేతికర్ర చేసుకున్నాడు. ఆయన పొడుగు మనిషి. కర్ర ఆయన తొడ దాకానే వచ్చేది. దాన్ని పట్టుకొని నడుము వంచుకొని పోతుంటే అరుగు మీద వాళ్ళు నవ్వేవాళ్ళు.

"ఏమప్పా, కొలత తప్పినట్టుండావే."

"తప్పలే" అనేవాడు. "సరిపోతాది."

కళ్ళు లేని మనిషి, కోసేటప్పుడు తప్పాడని నేనూ అనుకున్నాను. ఇంకొక కర్ర చేయించుకోమని కోడలు ఎన్నిసార్లు పోరినా వినలేదు.

పోయినప్పుడు పెట్టెను ఆయన ట్రాలీలోనే ఎక్కించారు. కాళ్ళు ముందుకే. మలుపు దగ్గర కేబుల్ వైరు వేలాడుతోంది. కొడుకు బండి ఆపి నా వైపు చూశాడు. "అక్కా, నువ్వే ముందు నడువు." షామియానా కర్ర ఒకటి ఎవరో అందించారు. దాంతో వైరు ఎత్తి, ఆయన వైపు ముఖం పెట్టి, సమాధుల తోట దాకా వెనక్కి వెనక్కి నడిచాను. సైగలు చేయాల్సిన పని లేదు. ఊరకే నడిచాను.

కోడలు పోయాక ఆ కర్రను తలుపు వెనక పెడదామని చేతిలోకి తీసుకున్నాను. నేను కురచ మనిషిని. పంగలో నా అరచేయి సరిగ్గా కూర్చుంది. మోచేయి వంచే పని లేదు, నడుము వంచే పని లేదు. చూపు లేక కొలత తప్పాడో, ఏం చేశాడో, అడగడానికి ఆయన లేడు.

మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి కాబట్టి నిన్నటి నుంచి దాన్ని పట్టుకొనే అంగడికి పోయి వస్తున్నాను. ముందుకే నడుస్తున్నాను. అలవాటు తప్పి కొంచెం తడబాటుగా ఉంది.